వేడి చేయగలదు, చల్లబరచలేదు: ఇంటి బ్రెడ్ మిషను ఎక్కడ తడబడుతుంది?

కొలత మారలేదు, పిండి మారలేదు, నొక్కిన మీట కూడా అదే. అయినా జనవరిలో గుమ్మటంలా పొంగిన బ్రెడ్ మే నెలలో నడిమికి గుంటపడి, పుల్లటి వాసనతో బయటికి వస్తుంది. మైదా బదులు గోధుమపిండి వేస్తే ఇటుకలా గట్టిపడుతుంది. బ్రెడ్ మేకర్ పేరుతో మన దుకాణాల్లో దొరికే ఈ పెట్టెను కొన్నవారు మొదట అనుమానించేది ఈస్టును, తర్వాత మిషనును. కొద్ది నెలలకు అది అటక ఎక్కుతుంది. ఈ రెండు వైఫల్యాల్లోనూ మిషను సాధారణంగా తన పని తాను సరిగ్గానే చేసి ఉంటుంది. అది ఏ వాతావరణానికి, ఏ పిండికి తయారైందో, మన వంటిళ్లలో ఏ వాతావరణం, ఏ పిండి ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

సంక్షిప్తంగా

బ్రెడ్ మిషను ముద్దను పిసకగలదు, వెచ్చబెట్టగలదు, కాల్చగలదు. చల్లబరచడం మాత్రం దానికి చేతకాదు. చలి దేశాల వంటిళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన కొలతలు మన వేసవిలో ఈస్టును అదుపు తప్పిస్తాయి. మర పట్టించిన గోధుమపిండి చపాతీకి ఎంత అనువైనదో బ్రెడ్‌కు అంత మొండిది. చల్లటి నీళ్లు, తగ్గించిన ఈస్టు, కాటా మీద తూకం: వీటితో ఎక్కువ సమస్యలు సర్దుకుంటాయి. డబ్బు ఆదా అవుతుందని కొంటే మాత్రం నిరాశ తప్పదు.

పెట్టె లోపల జరిగేది

మూత తీసి చూస్తే ఉండేవి కొద్ది భాగాలే. అంటుకోని పూత వేసిన లోతైన పాత్ర, దాని అడుగున తిరిగే చిన్న తెడ్డు, ఆ తెడ్డును బెల్టు సాయంతో తిప్పే మోటారు, పాత్ర చుట్టూ హీటరు, వేడిని గమనించే సెన్సరు, వీటన్నిటినీ వేళ ప్రకారం నడిపే చిప్పు. మామూలు బ్రెడ్‌కు చాలా మిషన్లు మూడు నుంచి నాలుగు గంటలు తీసుకుంటాయి. అందులో పిసకడానికి పట్టేది అరగంట లోపు, కాల్చడానికి దాదాపు గంట. మిగతా కాలమంతా ముద్ద ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తుంది. బ్రెడ్ బాగుపడేదీ పాడయ్యేదీ అప్పుడే.

పిసకడం ఎందుకో బొబ్బట్లు చేసే ఇళ్లలో పెద్దగా వివరించనక్కరలేదు. నీళ్లు తగిలిన మైదాలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే అల్లికగా మారతాయి. బాగా పిసికి, నూనె పోసి నానబెట్టిన తోపు పిండి పూర్ణం చుట్టూ చిరగకుండా పల్చగా సాగేది ఈ అల్లిక వల్లే. బ్రెడ్‌లో అదే అల్లిక వేల చిన్న బుడగలకు గోడ అవుతుంది. ఈస్టు పిండిలోని చక్కెరలను తిని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, గ్లూటెన్ దాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతుంది, ముద్ద పొంగుతుంది. కాలేటప్పుడు ముద్ద లోపలి వేడి 60 డిగ్రీలకు చేరేసరికి ఈస్టు చచ్చిపోతుంది. పిండిపదార్థం ఉడికి బిగుసుకుని, బుడగలు ఉన్నచోట ఉన్నట్టే నిలిచిపోతాయి.

అంటే ఇది వేళ కుదరవలసిన వ్యవహారం. హీటరు పూర్తి వేడి అందుకునే సమయానికి ముద్ద తన పొంగు చివరికి కొద్దిగా ఇవతల ఉండాలి. అప్పటికే పొంగిపోయి ఉంటే అల్లిక సాగి సాగి నీరసించి, వేడి తగలగానే కూలుతుంది. పైన కనిపించే గుంట అదే. ఇంకా పొంగవలసింది చాలా ఉంటే పొట్టిగా, బరువుగా, లోపల పిండిపిండిగా మిగులుతుంది. బేకరీలో పనివాడు ముద్దను వేలితో నొక్కి, గుంట మెల్లగా పూడుతోందా, వెంటనే పూడుతోందా చూసి పొయ్యిలో పెట్టే వేళ నిర్ణయిస్తాడు. మిషనుకు వేలు లేదు, గడియారం ఉంది.

ఒసాకా హోటలు నుంచి వంటింటి గట్టుకు

ఇంటి బ్రెడ్ మిషను 1980లలో జపాన్‌లో పుట్టింది. ఇప్పుడు పానసోనిక్ అనే పేరుతో ఉన్న మత్సుషితా సంస్థ ఇంజినీర్లకు మొదట్లో పైపెచ్చు మాడి, లోపల పచ్చిగా ఉన్న బ్రెడ్ వచ్చేది. పనివాడు పిసికిన ముద్దనూ మిషను పిసికిన ముద్దనూ ఎక్స్‌రే తీసి పోల్చినా తేడా అంతుపట్టలేదు. చివరికి ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మంచి బ్రెడ్‌కు పేరుపడ్డ ఒసాకా ఇంటర్నేషనల్ హోటలులో ప్రధాన బేకరు దగ్గర శిష్యరికం చేసింది. ఆయన ముద్దను పిసకడంతో పాటు ఒక ప్రత్యేకమైన తీరులో మెలిపెట్టి సాగదీస్తున్నాడని పట్టుకుంది. ఆ కదలిక కోసమే పాత్ర లోపలి గోడకు నిలువు గట్లు పెట్టారు. 1987లో అమ్మకానికి వచ్చిన ఆ మిషను తొలి ఏడాదే 5 లక్షలకు పైగా అమ్ముడైంది.

మేనేజ్‌మెంటు పాఠాల్లో ఈ కథను తరచుగా చెబుతారు. వంటింటి వైపు నుంచి చూస్తే అందులో మరో సంగతి ఉంది. మిషనులోకి ఎక్కింది బేకరు చేతి విద్య. పొంగును చూసి వేళ మార్చుకునే కంటి విద్య ఎక్కలేదు.

భారతదేశానికి వచ్చేసరికి పెట్టె స్వభావమే కొంత మారింది. ఇక్కడి వంటింట్లో బ్రెడ్ రోజువారీ తిండి కాదు. తెలుగు ఇళ్లలో అది చాలాకాలం జ్వరం వచ్చినవాళ్లకు పాలలో ముంచి పెట్టే పథ్యం. అందుకే అమ్మేవారు దీన్ని చపాతీ పిండి కలిపే మిషనుగా, బ్రెడ్ కూడా చేసే మిషనుగా పరిచయం చేశారు. లాక్‌డౌన్ నడుస్తున్న 2020 మే నెలలో అలాంటి ఒక మిషను ప్రకటన, పనిమనిషి చేతులకు ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చన్న మాటతో పెద్ద దుమారం రేపింది. సంస్థ దాన్ని వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. బ్రెడ్, ఈస్టు కొరతగా ఉన్న ఆ నెలల్లోనే ఈ పెట్టెలు చాలా ఇళ్లకు చేరాయి. బయటి ఎండ 40 దాటే నెలలు కూడా అవే.

బెజవాడ మే నెలకు రాయని కొలతలు

ఇడ్లీ పిండి విషయంలో తెలుగు ఇళ్లు గడియారాన్ని ఎన్నడూ నమ్మలేదు. రాత్రి రుబ్బిన పిండి వేసవిలో తెల్లవారేలోపే గిన్నె దాటి పొర్లుతుంది. చలికాలంలో దాన్నే పొయ్యి పక్కన పెట్టి, మీద గుడ్డ కప్పి, పొద్దెక్కేదాకా చూడాలి. ఉప్పు ఎప్పుడు వేయాలి, ఫ్రిజ్‌లోకి ఎప్పుడు తోయాలి అనేవి వాతావరణాన్ని బట్టి నిర్ణయమవుతాయి. బ్రెడ్ ముద్దలో పనిచేసే సూక్ష్మజీవులు వేరైనా వేడికి స్పందించే తీరు అలాంటిదే. ఈస్టు బాగా పనిచేసే పరిధిలో వేడి 8 నుంచి 10 డిగ్రీలు పెరిగితే దాని జోరు దాదాపు రెట్టింపవుతుంది.

మిషనుతో వచ్చే పుస్తకం సుమారు 20 డిగ్రీల గదిని ఊహించుకుంటుంది. అక్కడ ముద్దకు అవసరమైనది వెచ్చదనం, దాన్ని హీటరు అందిస్తుంది. 35 డిగ్రీల వంటింట్లో హీటరు అసలు వెలగకపోయినా ముద్ద కావలసినదానికన్నా వెచ్చగా ఉంటుంది. మోటారు పిసికేటప్పుడు పుట్టే రాపిడి వేడి దీనికి తోడు. ఖరీదైన కొన్ని మిషన్లు గది వేడిని కొలిచి మొదటి విరామాన్ని పెంచడం, తగ్గించడం చేస్తాయి. చవక మిషన్లలో ఆ ఏర్పాటు ఉండదు. ఏ మిషనులోనూ ముద్దను చల్లబరిచే ఏర్పాటు ఉండదు. రెండు గంటలు పొంగనివ్వాలని రాసిన చోట మన ముద్ద గంటకే పొంగి, మిగతా గంట కూలడానికి సిద్ధమవుతూ కూర్చుంటుంది.

బేకరీలవారికి దీనికి ఒక పాత లెక్క ఉంది. పిసకడం పూర్తయ్యాక ముద్ద ఎంత వేడిగా ఉండాలో ఆ అంకెను మూడుతో గుణించి, అందులోంచి పిండి వేడి, గది వేడి, రాపిడి వల్ల పెరిగే వేడి తీసేయాలి. మిగిలినది నీళ్లకు ఉండవలసిన వేడి. ముద్ద 27 డిగ్రీల దగ్గర ఉండాలనుకుంటే మూడింతలు 81. విజయవాడలో మే నెల వంటింట్లో గది 35, పిండి 35, రాపిడి వేడి ఓ 8 అనుకుంటే మిగిలేది 3. అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్లలో రెండు మంచుముక్కలు. అదే ఆదిలాబాద్‌లో డిసెంబరు ఉదయం గది, పిండి 18 దగ్గర ఉంటే లెక్క 37కు తేలుతుంది, గోరువెచ్చటి నీళ్లు పోయాలి. రెండు తెలుగు రాష్ట్రాల మధ్యే, ఒకే మిషనులో, ఒకే కొలతకు ఇంత తేడా. ఏ సీజనులోనైనా గోరువెచ్చటి నీళ్లే పోయమని చెప్పే వంట వీడియోలు మన వేసవిలో ఎందుకు దెబ్బతీస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

నీళ్ల తర్వాత తగ్గించదగినది ఈస్టు. పుస్తకంలో చెప్పినదాంట్లో పావు వంతు కోస్తే ఎండాకాలానికి చాలావరకు సరిపోతుంది. తెరిచిన ఈస్టు పొట్లాన్ని గాలి తగలకుండా బిగించి ఫ్రిజ్‌లో పెట్టకపోతే అది తనంతట తానే నీరసించి లెక్కలన్నీ తారుమారు చేస్తుంది. ఉప్పును మాత్రం తగ్గించకూడదు. 400 గ్రాముల పిండికి 8 గ్రాముల ఉప్పు రుచికి మాత్రమే కాదు, ఈస్టుకు కళ్లెం వేయడానికి, గ్లూటెన్‌ను బిగించడానికి కూడా. రక్తపోటు భయంతో ఉప్పు మానేసిన ఇంట్లో ముద్ద మూతకు అంటుకుని మాడిందంటే కారణం అదే.

రాత్రి అన్నీ వేసి ఉదయానికి బ్రెడ్ అందేలా టైమరు పెట్టుకోవడం ఈ మిషనుకు పెద్ద ఆకర్షణ. మన రాత్రుల్లో దానికి షరతులున్నాయి. పచ్చిపాలు, గుడ్లు వేసి ఆరేడు గంటలు గది వేడిలో ఉంచడం ప్రమాదం. పాల బదులు పాలపొడి వాడి, నీళ్లను అడుగున, పిండిని పైన, ఈస్టును ఆ పిండిలో చేసిన చిన్న గుంటలో పొడిగా ఉంచాలి. ఈస్టుకు తడి తగిలితే గడియారం కన్నా ముందే పని మొదలుపెడుతుంది.

తీరప్రాంతంలో వానాకాలం వస్తే సమస్య మరో వైపు తిరుగుతుంది. డబ్బాలోని పిండి గాలిలో తేమను పీల్చుకుని ఉంటుంది కనుక అదే నీళ్ల కొలతకు ముద్ద జావగా మారుతుంది. పిసకడం మొదలైన ఏడెనిమిది నిమిషాలకు ఒకసారి మూత తెరిచి చూడటం వల్ల నష్టమేమీ లేదు. ముద్ద పాత్ర గోడలను వదిలి బంతిలా తిరుగుతుంటే సరే. అడుగంతా పరుచుకుంటే చెంచాడు పిండి, పొడిపొడిగా విడిపోతుంటే చెంచాడు నీళ్లు. మనిషి కన్ను మళ్లీ వంటలోకి ప్రవేశించగలిగేది ఈ కాసేపే.

చపాతీకి మంచి పిండి, బ్రెడ్‌కు మొండి పిండి

ఇంట్లో బ్రెడ్ చేసుకోవాలనే కోరికకు ఎక్కువ ఇళ్లలో మూలం మైదా మీద ఉన్న అనుమానం. అందుకే మిషను రాగానే గోధుమపిండి వేస్తారు, ఇటుక వస్తుంది. ప్యాకెట్టు మీద మాంసకృత్తుల శాతం మైదాతో సమానంగా, ఒక్కోసారి ఎక్కువగా కూడా కనిపిస్తుంది. అయినా పొంగకపోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది తవుడు. పొట్టుతో సహా విసిరిన పిండిలోని తవుడు ముక్కలు సాగే గ్లూటెన్ పొరల మధ్య అడ్డుపడి వాటిని చించుతాయి. బుడగలు నిలవవు. రెండోది తక్కువమంది గమనించేది: రాతి మర ఒత్తిడి. రోలరు మిల్లులో గోధుమను విడదీసి నెమ్మదిగా నలుపుతారు. రెండు రాళ్ల మధ్య విసిరినప్పుడు మాత్రం ఒత్తిడికి, వేడికి పిండిపదార్థపు రేణువులు ఎక్కువగా పగులుతాయి. పగిలిన రేణువు పగలనిదానికన్నా ఎన్నో రెట్లు నీళ్లు పీలుస్తుంది. చపాతీకి అది వరం. ఎక్కువ నీళ్లు పట్టిన పిండి పెనం మీద ఆవిరితో ఉబ్బి, గంటల తర్వాత కూడా మెత్తగా ఉంటుంది. బ్రెడ్‌లో అదే శాపం. గ్లూటెన్‌కు దక్కవలసిన నీళ్లను రేణువులు లాగేసుకుంటాయి, లోపల జిగటగా మిగులుతుంది.

మైదాకు నూటికి 65 వంతుల నీళ్లు చాలిన చోట మర పిండికి 75 నుంచి 80 దాకా కావాలి. మిషనులో గోధుమ బ్రెడ్‌కు విడిగా ఉండే మీట నొక్కితే దాదాపు ఐదు గంటలు పట్టే మోడళ్లున్నాయి. ఆ అదనపు కాలంలో చాలాభాగం పిసకడానికి ముందు తవుడు నానడానికి పోతుంది. ఉట్టి గోధుమపిండితో పట్టుదలకు పోయేకన్నా సగం మైదా, సగం గోధుమపిండి కలపడం తెలివైన మార్గం. విడిగా అమ్మే గ్లూటెన్ పొడిని కిలోకు నాలుగైదు చెంచాలు కలిపినా ఫలితం మారుతుంది. మైదాను తప్పించుకోవాలనుకున్నవారికి ఈ రెండూ అంత రుచించకపోవచ్చు.

చిరుధాన్యాల మాటకు వస్తే పరిస్థితి ఇంకా సూటిగా ఉంటుంది. జొన్నలో, రాగిలో, కొర్రలో గ్లూటెన్ తయారయ్యే మాంసకృత్తులు లేవు. జొన్నరొట్టెకు పిండిని మరిగే నీళ్లతో కలపడం వెనక ఉన్న సూత్రం అదే: గ్లూటెన్ లేదు కనుక వేడి నీళ్లలో సగం ఉడికిన పిండిపదార్థమే జిగురుగా పట్టి ఉంచాలి. ఆ జిగురు రొట్టె తట్టడానికి చాలుతుంది కానీ గాలిని బంధించలేదు. మైదాలో ఐదో వంతు దాకా రాగిపిండి కలిపితే బ్రెడ్ నిలబడుతుంది, అంతకు మించితే కిందికి దిగుతూ పోతుంది.

బియ్యం తినే జపాన్ ఈ గోడను ఢీకొట్టి చూసింది. 2010లో సాన్యో సంస్థ గోపాన్ అనే మిషనును విడుదల చేసింది. కడిగిన బియ్యాన్ని పాత్రలో వేస్తే అదే నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి, బ్రెడ్ కాల్చి ఇచ్చేది. గిరాకీని తట్టుకోలేక కొంతకాలం ఆర్డర్లు తీసుకోవడం ఆపేశారు. రుబ్బడం, పొంగించడం ఒకే పెట్టెలో చేసిన ఆ మిషనును ఇడ్లీ తెలిసిన వాళ్లెవరైనా వెంటనే గుర్తుపడతారు. అందులోనూ బియ్యంతో పాటు గోధుమ గ్లూటెన్ విడిగా కలపవలసిందే. ఇడ్లీలో ఆ పని మినప్పప్పు చేస్తుంది. అయితే ఇడ్లీకి అచ్చు ఆసరా ఉంది, ఆవిరి ఉంది. అరచేయి ఎత్తున నిలబడవలసిన అవసరం లేదు.

అమెరికా నుంచి వచ్చిన పెట్టె

హైదరాబాదులోని కొన్ని ఇళ్లలో ఈ మిషను పిల్లలు సూట్‌కేసులో తెచ్చిన కానుక. అక్కడ అది చక్కగా పనిచేసి ఉంటుంది: గది 21 డిగ్రీలు, దుకాణంలో ప్రత్యేకంగా బ్రెడ్ కోసమే దొరికే 12, 13 శాతం మాంసకృత్తుల పిండి. ఇక్కడికి వచ్చేసరికి ఆ రెండూ లేకపోవడంతో పాటు కరెంటు కూడా మారుతుంది. 120 వోల్టుల మిషనును మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ఆ రోజే దాని ఆఖరి రోజు. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు వాడాలి, అదీ హీటరు లాగే ఐదారు వందల వాట్లను నిబ్బరంగా తట్టుకునేది. అంత చేసినా అక్కడ కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, ఇక్కడ 50. ఆ ఆవృత్తిని బట్టి తిరిగే రకం మోటారైతే తెడ్డు ఆరో వంతు నెమ్మదిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దీన్ని సరిచేయలేదు.

కప్పుల లెక్క మరో చిక్కు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, జపాన్ కప్పు 200. పిండిని గుల్లగా పోస్తే కప్పుకు 120 గ్రాములు, అదిమి తీస్తే 150. మూడు కప్పుల్లో 90 గ్రాముల తేడా వస్తే పాపం మిషను ఏం చేస్తుంది? వంటింటి కాటా ఖరీదు కొన్ని వందలు.

కొన్న బ్రెడ్‌తో పోలిస్తే

ఇంటి బ్రెడ్ మీద ఆసక్తి పెరగడానికి 2016 ఒక మలుపు. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్, నగరంలో సేకరించిన 38 బ్రెడ్, బన్ను, పావ్ వంటి నమూనాల్లో 84 శాతంలో పొటాషియం బ్రోమేట్ లేదా పొటాషియం అయొడేట్ ఆనవాళ్లు ఉన్నాయని ప్రకటించింది. ముద్దకు బలమిచ్చి ఎత్తుగా పొంగించే బ్రోమేట్‌ను క్యాన్సర్ కారకం కాగలదని అంతర్జాతీయ సంస్థలు అప్పటికే వర్గీకరించి ఉన్నాయి. నెల తిరక్కుండానే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని అనుమతించిన పదార్థాల జాబితా నుంచి తొలగించింది. కాబట్టి బ్రోమేట్ భయం ఒక్కటే ఇప్పుడు మిషను కొనడానికి బలమైన కారణం కాదు.

తేడా అసలు లేదని కూడా అనలేం. కొన్న బ్రెడ్‌లో బూజు పట్టకుండా కాల్షియం ప్రొపియొనేట్, మెత్తదనం నిలవడానికి ఎమల్సిఫయర్లు ఉంటాయి; ఇవి అనుమతించినవే. బ్రౌన్ బ్రెడ్ పేరుతో అమ్మేవాటిలో కొన్నింటి రంగు గోధుమది కాదు, క్యారమెల్‌ది. ప్యాకెట్టు వెనక 150 అంకె కనిపిస్తే అదే. ఇంటి బ్రెడ్‌లో ఏముందో చేసినవారికి తెలుస్తుంది. అయితే ఆ స్వచ్ఛతకు ధర కూడా ఉంది. తేమ ఎక్కువగా ఉండే నెలల్లో రెండో రోజుకే బూజు మచ్చలు పడవచ్చు. వేడి ప్రాంతాల్లో బాసిల్లస్ జాతి సూక్ష్మజీవుల వల్ల లోపల జిగటగా తీగసాగి, మగ్గిపోయిన పండు వాసన రావచ్చు, అలాంటిదాన్ని పారేయాలి. ఫ్రిజ్‌లో పెట్టడం తొందరపాటు. ఆ చల్లదనంలో ఉడికిన పిండిపదార్థం బయటికన్నా త్వరగా గట్టిపడుతుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి డీప్‌ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినన్ని తీసి పెనం మీద వేడిచేసుకోవడం మేలు.

డబ్బు లెక్క ముతకగా వేస్తే ఇలా ఉంటుంది. 400 గ్రాముల మైదా, కొద్దిగా వెన్న, చక్కెర, పాలపొడి, ఈస్టు కలిపి 40 రూపాయల పైచిలుకు. కరెంటు అర యూనిట్ లోపే. చిన్న అరను మాత్రమే వేడి చేస్తుంది కనుక ఓవెన్ కన్నా ఈ విషయంలో మిషనే నయం. చేతికి 600 గ్రాముల పైన బ్రెడ్ వస్తుంది. దుకాణంలో అంత బ్రెడ్‌కు అయ్యేదానితో పోలిస్తే మిగిలేది పాతిక రూపాయలనుకుందాం. 7,000 రూపాయల మిషను ఖర్చు రాబట్టడానికి 280 బ్రెడ్‌లు చేయాలి. వారానికి రెండు చొప్పున రెండున్నరేళ్లు దాటుతుంది. ఆలోపు పాత్ర పూత గీతలు పడటం, తెడ్డు దగ్గర సీలు కారడం, బెల్టు సాగడం జరగకుండా ఉండాలి. వారానికి రెండు బ్రెడ్‌లు నిజంగా తినే ఇల్లా కాదా అన్నది కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న.

అటక ఎక్కకుండా మిగిలిన మిషన్లలో కొన్ని బ్రెడ్ మీట మీద బతకడం లేదు. పిసకడం, పొంగించడం వరకే మిషనుకు అప్పగించి, ముద్దను తీసి బన్నులుగా, పిజ్జాగా ఓవెన్‌లో కాల్చుకునేవారు ఉన్నారు. తెడ్డు వల్ల అడుగున పడే రంధ్రం, నిలువు డబ్బా ఆకారం, ముదురు పెచ్చు ఈ దారిలో రావు. పొంగును కంటితో చూసి కాల్చే వేళ తామే నిర్ణయిస్తారు కనుక వేసవి గుంట కూడా పడదు. ఇక మూడో రోజుకు ఎండిపోయిన ఇంటి బ్రెడ్‌కు హైదరాబాదులో పాత చిరునామా ఉంది. డబుల్ కా మీఠాకు తాజా బ్రెడ్ పనికిరాదు, నేతిలో వేగేలోపే చితుకుతుంది, పాకంలో కరుగుతుంది. ఎండిన ముక్కే కావాలి.